మా ఊరి పెద్దవాళ్ళకి ఫోన్ నేర్పించండి: చిత్తూరు, తిరుపతి జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు, లీడ్ బ్యాంకు మేనేజర్లకు, గ్రామ సచివాలయాల పని చూసే అధికారులకు, మన యూనివర్సిటీల, కాలేజీల ఎన్ఎస్ఎస్ బాధ్యులకు,

నమస్కారం.

నేను పాకాల దగ్గర ఒక పల్లెలో ఉంటాను. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో అరవై దాటినవాళ్ళు ఫోన్‌లో తమ పనులు తాము చేసుకునేలా నేర్పించమని ఏడాదిన్నరగా అడుగుతున్నాను. మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిది ఏమైందో తెలీదు. రెండోదానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పినవాళ్ళు లేరు. మూడోసారి వెళ్తే, "ఇంట్లో పిల్లల్ని అడిగి చేయించుకోమనండమ్మా" అన్నారు. ఆ మాట అన్నాయన మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు. అయినా ఆ మాట మనసులో నుంచి పోలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంట్లో పిల్లలు లేరండీ. బెంగళూరులో ఉన్నారు, చెన్నైలో ఉన్నారు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. సంక్రాంతికి వస్తారు, గంగ జాతరకి వస్తారు. మిగతా రోజులు మా వీధిలో సాయంత్రం దీపం వెలిగే ఇళ్ళలో సగానికి పైగా ముసలివాళ్ళే.

మా వీధి చివర ఒక అత్త ఉంది. వరసకి అత్త. డెబ్బై దాటాయి. మామ పోయి చాలా కాలమైంది. రెండు ఆవులు, అరెకరా మామిడి తోట, నెలకి 4,000 రూపాయల పెన్షన్, ఇవీ ఆమె ఆధారాలు. కొడుకు హోసూరు నుంచి వచ్చినప్పుడు ఫోన్ కొనిచ్చి వెళ్ళాడు. దాన్ని గుడ్డసంచిలో పెట్టి రొంటిన దోపుకుని తిరుగుతుంది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "పాపా, పాల బిల్లు పడిందో లేదో చూడు" అని ఫోన్ చేతికిచ్చింది. కవరు కొంచెం ఊడొస్తుంటే సర్దబోయాను. లోపల వెంకటేశ్వరస్వామి చిన్న పటం, దాని వెనక అగ్గిపెట్టె అట్టముక్క. అట్టముక్క మీద బాల్‌పెన్నుతో రాసిన అంకెలు. అది ఆమె యూపీఐ పిన్.

ఎవరు రాసిచ్చారని అడిగాను. "అంగడి పిల్లోడు. నేను మర్చిపోతానని వాడే రాసిచ్చినాడు. వాడికి తెలుసు, మా తోడికోడలి మనవడికి తెలుసు, పాలకేంద్రం కాడ అబ్బాయికి కూడా తెలుసు. నాకే గుర్తుండదు" అంది.

అది ఎవరికీ చెప్పకూడని అంకె అని ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పాల డబ్బు, మామిడి డబ్బు అన్నీ ఆ అంకెల వెనకే ఉన్నాయి. మా ఊరి పిల్లలు మంచివాళ్ళు కాబట్టి ఏమీ కాలేదు, అంతే.

ఈ అత్తకే నేను సంతకం నేర్పాను. 1990ల మొదట్లో, మన జిల్లాలో 'అక్షర తపస్మాన్' అనే అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో. అప్పటికి తిరుపతి వేరే జిల్లా కాలేదు, అది 2022 ఏప్రిల్లో కదా. నాకింకా ఉద్యోగం రాలేదు, వాలంటీరుగా చేరాను. రాత్రి అన్నాలయ్యాక లాంతరు పట్టుకుని భజన గుడి అరుగు మీద కూర్చునేవాళ్ళం. పగలంతా చెనక్కాయలు పెరికి, చెరుకు కొట్టి వచ్చేవాళ్ళు ఆ ఆడవాళ్ళు. కొడవలి పట్టిన పట్టుతోనే బలపం పట్టేవాళ్ళు, అది పుటుక్కున విరిగేది. మొదటి పదిరోజులు అక్షరాల కంటే బలపం మెల్లగా పట్టడమే నేర్పాను. అత్త తన పేరు తాను రాసుకున్న రాత్రి ఆ పలక చెరపనివ్వలేదు. అట్లే ఇంటికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. "ఇంక నేను యేలిముద్ర యెయ్యను" అంది.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అదే అత్తని రేషన్‌కి వేలు పెట్టమంటున్నాం, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తియ్యడానికి వేలు పెట్టమంటున్నాం. సంతకం వచ్చు అని ఆమె చెప్పినా దాంతో ఎవరికీ పనిలేదు. వేలిముద్ర మిషన్లు వద్దని నేను అనడం లేదు. వేరేవాళ్ళ పేరుతో రేషన్ ఎత్తుకుపోయే రోజులు నేను చూశాను. నేను అడిగేది వేరే. ఆనాడు జిల్లా కలెక్టరు దగ్గర్నుంచి ఊళ్ళో పదో తరగతి పాసైన పిల్ల దాకా అందరూ లేచి, పెద్దవాళ్ళ ముందు కూర్చుని ఓపిగ్గా నేర్పారు. ఈసారి రూలు వచ్చింది, మిషన్ వచ్చింది, యాప్ వచ్చింది. నేర్పేవాళ్ళు రాలేదు.

అసలు ఎవరూ ఏమీ చెయ్యలేదని అంటే అబద్ధమవుతుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టింది. పల్లెల్లో ఇంటికొకరు చొప్పున 6 కోట్ల మందికి 20 గంటల శిక్షణ. 2024 మార్చి 31తో అది ముగిసింది, 6.39 కోట్ల మందికి నేర్పినట్టు లెక్క చెప్పారు. చాలా పెద్ద పని. కానీ అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 వరకే. మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ మొదలయ్యేది అరవైకి. అంటే ప్రభుత్వంతో నెలనెలా పని పడే వయసు ఎక్కడ మొదలవుతుందో, ఫోన్ చదువు అక్కడ ఆగిపోయింది. ఇంటికొకరు అన్నప్పుడు ఇంట్లో చదువుకున్న కుర్రాడి పేరే రాయించారు. ఆ కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు.

ఈలోగా పనులన్నీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. నాకు దాని మీద కోపం లేదు, నేను వాడుతున్నాను. కరెంటు బిల్లు కూర్చున్నచోటే కట్టాను. మా అత్తకి మాత్రం వాట్సాప్ అంటే ఇప్పటికీ మనవరాలి ఫోటో వచ్చే చోటు, అంతవరకే.

నేర్పకపోవడం వల్ల ఏం జరుగుతోందో వరసగా చెబుతాను. ఇవన్నీ నేను చూసినవే.

1. ఎవరి డబ్బు వాళ్ళకి తెలియడం లేదు. పాల బిల్లు, పీఎం కిసాన్ విడతకి 2,000, ఉపాధి కూలి, అన్నీ ఖాతాలోనే పడతాయి. మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది. సంతకం నేర్చుకున్నవాళ్ళకి కూడా అది చదవడం రాదు. పడిందో లేదో చెప్పించుకోవడానికి ఇంకొకరి గడప తొక్కాలి. చెప్పినవాళ్ళు చెప్పిందే లెక్క. ఒకాయనకి ఖాతాలో ఎంత ఉందో ఏడాది పాటు తెలీలేదు. అడిగితే కోడలికి అనుమానం వస్తుందేమోనని అడగలేదట. కోడలు మంచిదే. ఆయనకి అడగడమే కష్టం.

2. మోసపోతున్నారు. మా చిన్నాయన వరస ఆయన రెండో ఆవు కొనడానికి 46,000 కూడబెట్టుకున్నాడు. ఒక శనివారం సాయంత్రం ఆయన వాట్సాప్‌కి పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. తెలిసినవాళ్ళ నంబరు నుంచే వచ్చింది, వాళ్ళ ఫోన్ అప్పటికే మోసగాళ్ళ చేతిలో పడి ఉంది. కేవైసీ చెయ్యకపోతే డబ్బు ఆగిపోతుందని అందులో ఉంది. కేవైసీ చెయ్యాలని అధికారులూ చెబుతున్నారు కాబట్టి అనుమానం రాలేదు. నొక్కాడు. ఏదో అడిగింది, సరే అని మళ్ళీ నొక్కాడు. ఆదివారం బ్యాంకు లేదు. సోమవారం పోతే ఖాతాలో మూడు వందలు ఉన్నాయి.

కౌంటర్లో, "ఓటీపీ మీరే చెప్పుంటారు" అన్నారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఆ ఫైలే ఫోన్‌లో దూరి మెసేజ్‌లు చదివేసింది. ఆ సంగతి ఆయనకి తెలీదు, కాబట్టి జవాబు చెప్పలేక తల దించుకున్నాడు. స్టేషన్‌కి పొమ్మన్నారు. స్టేషన్లో ఎవరో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యమన్నారు. అప్పటికి రెండు రోజులు దాటింది. 1930 అనే నంబరు ఉందని, డబ్బు పోయిన గంటలోపు చెబితే దాన్ని దారిలో ఆపే అవకాశం ఉంటుందని ఆయన అప్పుడే మొదటిసారి విన్నాడు. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారు పొరపాటు ఉన్నా సరే, బ్యాంకుకి చెప్పిన క్షణం తర్వాత పోయిన డబ్బుకి బ్యాంకుదే బాధ్యత. అంటే ఇక్కడ ప్రతి గంటా డబ్బే. ఆ గంటలో ఏం చెయ్యాలో తెలియనివాడికి ఆ నిబంధన ఎందుకు పనికొస్తుంది?

ఇంటికొచ్చి చిన్నమ్మకి చెప్పడానికి ఆయనకి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ డబ్బు తెలిసినాయనకి చేబదులిచ్చానని చెప్పాడు. ఫోన్‌ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడు కొడుకు మొహం చూడాలంటే పక్కింటికి పోయి కూర్చుంటాడు. ఆవు కొననేలేదు.

3. వేళ్ళు పడటం లేదు, ఓటీపీ రావడం లేదు. చెరుకు కొట్టిన చేతులు, పాలు పితికిన వేళ్ళు, గానుగ దగ్గర బెల్లం పాకం కలిపిన వేళ్ళు. గీతలు అరిగిపోయి మిషన్ ఒప్పుకోదు. "అరగదా మరి, యాభై ఏండ్లు కష్టం చేసినేళ్ళు" అంది ఒక పెద్దమ్మ. అప్పుడు ఓటీపీ చెప్పమంటారు. ఆధార్‌కి ఎప్పుడో కొడుకు నంబరు ఇచ్చి ఉంటారు, కొడుకు ఆ సిమ్ మార్చేసి ఉంటాడు. ఆధార్‌లో నంబరు మార్చుకోవడానికి మావాళ్ళు కేంద్రానికే వెళ్తున్నారు. అక్కడికి పోవడానికి ఒక రోజు, ఆటోకి డబ్బు, పొద్దున పాలు పితికి పరిగెత్తాలి. సర్వర్ లేదంటే ఇంకో రోజు. తన ఆధార్‌కి ఏ నంబరు ఉందో ఆమెకి ముందే తెలిసుంటే, ఈ తిప్పలు సగం తప్పేవి.

4. స్వామి దర్శనం. కొండ కింద పుట్టి, పొద్దున లేవగానే కొండకి దండం పెట్టుకుని బతికినవాళ్ళు మావాళ్ళు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి తిరుమలలో ప్రత్యేక దర్శనం ఉంది. ఆ టికెట్లు ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవాలి. విడుదలైన రోజు చకచకా నొక్కినవాళ్ళకి దొరుకుతాయి. ఫోన్ బాగా వచ్చిన మనవడు ఉన్న తాత వెళ్తున్నాడు. ఎవరూ లేని తాత అలిపిరి దాకా వెళ్ళి వస్తున్నాడు.

5. భూమి కాగితాలు. 1బీ, అడంగల్ ఆన్‌లైన్లో ఉన్నాయని చెబుతారు. తన పొలం తన పేరు మీదే ఉందో లేదో చూసుకోవడానికి కూడా ఇంకొకరికి సర్వే నంబరు చెప్పాలి. మా దగ్గర అన్నదమ్ముల తగాదాల్లో ఇది ఎంత సున్నితమైన సంగతో మీకు తెలుసు, వివరించను.

'పెద్దవాళ్ళకి ఇప్పుడేం వస్తుందిలెండి' అని ఎవరైనా అనుకుంటే, మా ఊరి సంగతి చెప్పాలి. ఎవరూ రాకపోయేసరికి నేనే మొదలుపెట్టాను. అదే భజన గుడి, అదే అరుగు. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం పాలు పోసి వచ్చాక. మొదటిరోజు ఐదుగురు వచ్చారు. ఇప్పుడు పద్నాలుగు మంది. అందరిలోకి పెద్దాయనకి డెబ్బై తొమ్మిది.

మొదటి చిక్కు తాకడం దగ్గరే వచ్చింది. కాయలు కాసిన వేళ్ళు, ఎండిపోయి ఉంటాయి, తెరకి తగలవు. తగలకపోతే గట్టిగా నొక్కి పట్టుకుంటారు, అప్పుడు ఇంకేదో తెరుచుకుంటుంది, భయపడి ఫోన్ పక్కన పెట్టేస్తారు. చాలామందికి చదువు అక్కడే ఆగిపోతుంది, నేర్పేవాళ్ళు 'వీళ్ళకి రాదు' అనుకుంటారు. నేను తడిగుడ్డ ఒకటి పక్కన పెట్టుకున్నాను. వేలు దానికి అద్ది తుడుచుకోమన్నాను. "అత్తా, ముగ్గుపిండి వదిలినట్టు తాకు, తాకి తీసెయ్యి" అన్నాను. అప్పుడు పడింది. ఆమె నవ్విన నవ్వు, ఆ పలక రాత్రి నవ్విందే.

ఇంకో సంగతి తెలుసుకున్నాను. వాళ్ళ చేతిలోంచి ఫోన్ తీసుకోకూడదు. మనకి తొందర, ఇటివ్వు నేను చేసిస్తా అని లాక్కుంటాం. లాక్కున్న ప్రతిసారీ ఆ పని వాళ్ళకి ఇంకొంచెం దూరమవుతుంది. ఇప్పుడు నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. ఒక్కొక్కరికి పావుగంట పట్టినా చూస్తూ ఉంటాను.

మొదట వీడియో కాల్ నేర్పాను, వాళ్ళు అడిగింది అదే కాబట్టి. బ్యాంకుతో మొదలుపెట్టి ఉంటే రెండో రోజుకి ఎవరూ ఉండేవాళ్ళు కారు. మనవరాలి మొహం కనబడ్డాక అక్షరాలు పెద్దవి చేసుకోవడం, మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడి వెతకడం, పేర్లు చదవలేనివాళ్ళకి నంబర్ల పక్కన ఫోటోలు పెట్టుకోవడం. ఐదో వారం యూపీఐ. ఒకరికొకరు ఒక్క రూపాయి పంపుకున్నారు. అటూ ఇటూ ఆ రూపాయే తిరిగింది, రెండు గంటలపాటు. పిన్ ఎప్పుడు అడుగుతోంది, ఎప్పుడు అడగడం లేదు అని వాళ్ళే కనిపెట్టారు. ఆ పెద్దాయన చెప్పిన మాట ఇప్పుడు మా ఊళ్ళో అందరికీ నోటికొచ్చు: "వచ్చే రూపాయికి పిన్ను లేదు, పొయ్యే రూపాయికే పిన్ను." ఎవరైనా ఫోన్ చేసి, డబ్బు వేస్తాను పిన్ కొట్టు అంటే అది దొంగ ఫోనే అని ఎన్ని పోస్టర్లు అంటించినా ఇంత బాగా ఎక్కదు.

అత్త పిన్ మార్చుకుంది. కొత్త పిన్ నాకు కూడా చెప్పలేదు. అట్టముక్క పొయ్యిలో వేసింది.

ఇదంతా ఒక రిటైరైన టీచరు, ఒక తడిగుడ్డ, ఒక అరుగు. నా వల్ల అయ్యేది ఒక ఊరు. మీరు పూనుకుంటే రెండు జిల్లాలు. అందుకని ఇవి అడుగుతున్నాను.

1. ప్రతి సచివాలయం పరిధిలో అరవై దాటినవాళ్ళకి ఫోన్ తరగతి పెట్టండి. ఒక్కరోజు శిబిరం వద్దు. బ్యానరు కట్టి, ఫోటో తీసి, టీ ఇచ్చి పంపిస్తే ఏమీ రాదు. కనీసం రెండు నెలలు, వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున కావాలి. సచివాలయం మేడ మీద వద్దు, మోకాళ్ళు ఎక్కనివ్వవు. భజన గుడి, పాలకేంద్రం, అంగన్‌వాడీ, వాళ్ళు రోజూ కూర్చునే చోటు ఏదైనా సరే. జూన్, జులైలో పెట్టకండి, మామిడి కోతలు, చెనక్కాయ విత్తనం ఒకేసారి వస్తాయి. డబ్బు ఎక్కడిదంటే, కేంద్ర ప్రభుత్వ వయోజన విద్య కార్యక్రమం 'ఉల్లాస్' 2022 నుంచి 2027 దాకా ఉంది. 15 ఏళ్ళు దాటి, చదువు అందనివాళ్ళు ఎవరైనా చేరవచ్చు, పైన వయసు హద్దు లేదు, డిజిటల్ అక్షరాస్యత దాంట్లో భాగమే. గడువు ముగిసేలోపు మన పల్లెల్లో పెద్దవాళ్ళ కోసం దాన్ని వాడండి.

2. నేర్పేవాళ్ళు ఊరివాళ్ళే కావాలి. డ్వాక్రా సంఘాల్లో ఫోన్ బాగా వచ్చిన ఆడపిల్లలు, కోడళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకి వారం రోజులు శిక్షణ ఇచ్చి, తరగతికి ఇంత అని డబ్బు ఇవ్వండి. ఊరికే చెయ్యమనకండి. ఆనాడు మేము ఊరికే చేశాం, నిజమే, కానీ ఆ రోజులు వేరు. ఎన్ఎస్ఎస్ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చెయ్యాలి. శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, కుప్పం ద్రావిడ యూనివర్సిటీ, ఊరూరా డిగ్రీ కాలేజీలు, ఇన్ని ఉన్నాయి మనకి. ఆ గంటల్లో సగం ఒక ముసలాయన పక్కన కూర్చుని గడపమనండి. నగరి, సత్యవేడు వైపు చాలా ఇళ్ళలో తమిళమే మాట్లాడతారు, కుప్పం వైపు తమిళం, కన్నడం కూడా ఉన్నాయి. అక్కడ ఆ భాష వచ్చిన పిల్లల్నే పంపండి.

3. వాళ్ళ ఫోన్ మీదే నేర్పండి. ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఇంటికెళ్ళాక ఏమీ గుర్తుండదు. బటన్ ఫోన్ ఉన్నవాళ్ళని వదిలెయ్యకండి. బటన్ ఫోన్‌తో డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చి నుంచి ఉంది, *99# నొక్కి పంపే పద్ధతి అంతకంటే ముందు నుంచి ఉంది. మా ఊళ్ళో ఈ రెంటి పేరూ విన్నవాళ్ళు లేరు.

4. బ్యాంకుల మేనేజర్లకి నాలుగు విన్నపాలు. పల్లెల్లోని శాఖలు నెలకో ఆర్థిక అక్షరాస్యత శిబిరం పెట్టాలని ఆర్‌బీఐ చెప్పింది. అది ఏ రోజు, ఏ ఊళ్ళో అనేది ముందుగా పాలకేంద్రంలో, రేషన్ షాపులో రాసి పెట్టించండి. డెబ్బై దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే కొన్ని బ్యాంకు సేవలు అందించాలని 2017 నవంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఒకటి ఉంది, దాన్ని కౌంటర్ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాల్లో పెట్టండి. మూడోది, మెసేజ్‌లు తెలుగులో పంపండి. నాలుగోది, అడిగిన పెద్దవాళ్ళ ఖాతాలో రోజుకి ఇంతకంటే ఎక్కువ పోకుండా హద్దు పెట్టండి. ఆ హద్దు ఉండుంటే మా చిన్నాయనకి ఆవు డబ్బులో చాలా భాగం మిగిలేది.

5. 1930ని గోడల మీద రాయించండి. పాలకేంద్రం, రేషన్ షాపు, గుడి, బస్టాపు. ఎన్నికలప్పుడు మన గోడల మీద ఎంత పెద్ద అక్షరాలు రాస్తారో అంత పెద్దవి. దాని కింద ఒకటే వాక్యం: డబ్బు పోతే వెంటనే ఈ నంబరుకి చెయ్యండి, సిగ్గుపడకండి. ఆ రెండో మాట తప్పకుండా ఉండాలి. మా చిన్నాయన లాంటివాళ్ళు సిగ్గుతోనే ఆగిపోతారు. ఫోన్‌లోనే అరెస్టు చేస్తున్నామని బెదిరించేవాళ్ళు ఎక్కువయ్యారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదని కూడా ఒకచోట రాయించండి.

6. నేర్చుకునేదాకా మనిషి దారి మూసెయ్యకండి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపులేనివాళ్ళు కేవైసీ చెయ్యలేక వేసిన కేసు అది. ఆ తీర్పులో పల్లెల గురించి, వయసైనవాళ్ళ గురించి కూడా ఉంది. వేలు పడని మనిషిని రేపు రమ్మని పంపకుండా, ఆ పూటే ఇంకో విధంగా పని చేసిపెట్టేలా ప్రతి సచివాలయానికి, ప్రతి బ్యాంకు మిత్రకి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

7. లెక్క సర్టిఫికెట్లతో చూడకండి. ఎంతమంది వచ్చారు, ఎన్ని సంతకాలు పెట్టారు అనేది నాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదనే అనుకుంటున్నాను. రెండు నెలల తర్వాత ఆ మనిషి ఎవరి సాయం లేకుండా నాలుగు పనులు చెయ్యగలగాలి: ఖాతాలో ఎంతుందో చూసుకోవడం, పిల్లలకి వీడియో కాల్ చెయ్యడం, దొంగ ఫోన్ వస్తే పెట్టెయ్యడం, 1930కి చెయ్యడం. ఎవరైనా వచ్చి పక్కన నిలబడి, చేతులు కట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఇందులో మొదట చెయ్యగలిగింది ఐదోది. దానికి సున్నం, రంగు, ఒక మనిషి చాలు. ఈ నెలలోనే చెయ్యవచ్చు. మిగతావి సంక్రాంతిలోపు ఒక్కో మండలంలో ఒక్కో ఊళ్ళోనైనా మొదలుపెట్టండి. మా ఊరు ఆ జాబితాలో లేకపోయినా ఫర్వాలేదు, మాకు తరగతి ఉంది. శిక్షణ ఎలా ఇవ్వాలో, ఏది ముందు ఏది వెనక నేర్పాలో నేను రాసుకున్న నోట్సు ఉంది, అడిగితే ఇస్తాను. ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతాను, ఛార్జీలు కూడా అడగను.

మీలో ఎవరికైనా వీలైతే ఒక మంగళవారం సాయంత్రం మా భజన గుడికి రండి. సభ పెట్టొద్దు, మైకు వద్దు. అరుగు మీద కూర్చుని చూడండి.

ఒక చిన్న మనవి. ఈ ఉత్తరానికి జవాబు ఇచ్చేటప్పుడు మెసేజ్‌గా పంపకుండా, తెలుగులో, కాగితం మీద, కొంచెం పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. గుడి గోడకి అంటిస్తాం. ఆనాడు అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళే చదువుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
పాకాల మండలం, తిరుపతి జిల్లా.